మదర్‌బోర్డు కాలిపోయిన పాత కంప్యూటరు నుంచి, బ్యాకప్ డిస్కు సాయంతో, కొత్త కంప్యూటరులోకి ఫైళ్లు తెచ్చుకోవడం ఎలా?

ప్రశ్న
విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, హనుమకొండ

నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో తెలుగు బోధించి పదవీ విరమణ చేసినవాడిని. గత ఇరవై ఏండ్లుగా ఓరుగల్లు చుట్టుపక్కల ఊళ్లలో తిరిగి ఒగ్గు కథలు, జాతర పాటలు రికార్డు చేశాను. కాకతీయుల కాలపు శాసనాల పాఠాలను చదువుకొని, టైపు చేసి, నోట్సు రాసుకున్నాను. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు పూజారులు చెప్పిన కథలు, 2010, 2012 సంవత్సరాలలో మేడారంలో తీసిన వీడియోలు, వేయిస్తంభాల గుడి శాసనానికి (శక సంవత్సరం 1084, అంటే క్రీ.శ. 1163) నేను రాసుకున్న వివరణ, ఇవన్నీ ఒకే కంప్యూటరులో ఉన్నాయి. ఆ కథలు చెప్పినవారిలో కొందరు ఇప్పుడు లేరు. వారి గొంతు నా దగ్గరున్న రికార్డింగుల్లో తప్ప మరెక్కడా దొరకదు కనుక, ఈ విషయంలో తొందరపడి ఏ తప్పూ చేయకూడదని మిమ్మల్ని అడుగుతున్నాను.

మొన్నటి ఉరుముల వానకు కరెంటు ఎక్కువై, 2016లో విడిభాగాలు కొని బిగించుకున్న నా పాత డెస్క్‌టాప్ కంప్యూటరు ఆగిపోయింది. మరమ్మతు చేసేవారు చూసి, మదర్‌బోర్డు కాలిపోయిందనీ, ఆ కాలపు బోర్డు ఇప్పుడు దొరకడం కష్టమనీ చెప్పారు. అందులో విండోస్ 10 ఉండేది. ఇప్పుడు విండోస్ 11 ఉన్న కొత్త డెస్క్‌టాప్ కొన్నాను. దానిలో ఒక టెరాబైటు ఎస్ఎస్‌డీ ఉంది, అంతా సి డ్రైవుగానే ఉంది.

నా దగ్గర ఒక టెరాబైటు బయటి హార్డ్ డిస్కు ఉన్నది. 2023లో మా కళాశాల పూర్వ విద్యార్థి ఒకరు దానిలో రెండు రకాల బ్యాకప్‌లు పెట్టి ఇచ్చారు. ఒకటి ఫైల్ హిస్టరీ, అది గంట గంటకూ తనంతట తాను జరిగేది. రెండవది సిస్టమ్ ఇమేజ్, అంటే విండోస్‌తో సహా సి డ్రైవు మొత్తానికీ ప్రతిబింబం, ఆ రోజు ఒకసారి తీసినదే. రెండూ కలిపి దాదాపు 310 జీబీ ఉన్నాయి.

నా సందేహాలు ఇవి. సిస్టమ్ ఇమేజ్‌ను కొత్త కంప్యూటరులో పునరుద్ధరిస్తే, పాత కంప్యూటరు ఉన్నది ఉన్నట్టుగా, నేను పుటలు కూర్చుకునే పేజ్‌మేకరు ప్రోగ్రాముతో సహా, తిరిగి వస్తుందా? ఫైల్ హిస్టరీ ఫోల్డరు తెరిచి చూస్తే ప్రతి ఫైలు పేరు చివర తేదీ, సమయం, ఒకే ఫైలుకు పదేసి నకళ్లు కనిపిస్తున్నాయి. వీటిలో ఏది తీసుకోవాలి? ఒక ఫైలును ప్రయత్నంగా కొత్త కంప్యూటరులోకి తెచ్చి తెరిస్తే, తెలుగు అక్షరాల బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చాయి. ఫైలు పాడైపోయిందా? అన్నిటికన్నా నన్ను కలవరపెడుతున్నది మరొకటి. డి డ్రైవులో ఉండే ఒగ్గు కథల ఫోల్డరు ఆ బ్యాకప్‌లో ఎంత వెతికినా కనిపించడం లేదు.


జవాబు
కళాశాల కంప్యూటర్ ల్యాబ్ ఉద్యోగి, కాజీపేట

సార్, నమస్కారం. ముందుగా మీ చివరి సందేహం గురించి చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ నిదానంగా చేసుకోవచ్చు.

ఫైల్ హిస్టరీ కంప్యూటరులోని అన్నిటినీ భద్రపరచదు. డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్, డెస్క్‌టాప్ వంటి వినియోగదారుని ఫోల్డర్లను మాత్రమే తీసుకుంటుంది. మన దగ్గర చాలామంది సి డ్రైవులో విండోస్‌ను ఉంచి, పనికి సంబంధించిన ఫైళ్లన్నిటినీ డి డ్రైవులో దాచుకుంటారు. ఆ ఫోల్డరును ప్రత్యేకంగా ఫైల్ హిస్టరీ జాబితాలో చేర్చి ఉంటే తప్ప, ఏళ్లు గడిచినా అది బ్యాకప్‌లోకి వెళ్లదు, వెళ్లడం లేదన్న హెచ్చరిక కూడా రాదు. మీ ఒగ్గు కథలు బ్యాకప్‌లో లేకపోవడానికి కారణం ఇదే అయి ఉంటుంది. అయితే కాలిపోయింది మదర్‌బోర్డు మాత్రమే కనుక, పాత కంప్యూటరులోని హార్డ్ డిస్కు బాగానే ఉండే అవకాశం ఎక్కువ. మరమ్మతు చేసినవారి దగ్గర పాత పెట్టె ఉంటే, దయచేసి ఈ రోజే వెళ్లి ఆ డిస్కును తెచ్చుకోండి. పాత సామాను కింద అమ్మేశారంటే మరి దారి లేదు.

డిస్కు చేతికి వచ్చాక, సాటా డిస్కును యూఎస్‌బీకి కలిపే అడాప్టరు ఒకటి కొనండి. మీది డెస్క్‌టాప్ కనుక లోపలి డిస్కు మూడున్నర అంగుళాలది అయి ఉంటుంది. దానికి 12 వోల్టుల కరెంటు కావాలి, యూఎస్‌బీ నుంచి వచ్చేది 5 వోల్టులే. అందువల్ల గోడ ప్లగ్గుకు పెట్టే విడి పవర్ అడాప్టరుతో వచ్చేదాన్నే అడిగి తీసుకోండి. ల్యాప్‌టాప్ డిస్కుల కోసం అమ్మే చిన్న వైరు దీనికి పనికిరాదు. డిస్కును కలిపినప్పుడు లోపల టక్ టక్ మని శబ్దం వస్తే వెంటనే ఆపేసి, మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి. శబ్దం లేకుండా తిరుగుతూ ఉండి, ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి’ అనో, ‘స్కాన్ చేసి సరిచేయమంటారా’ అనో విండోస్ అడిగితే, రెండింటికీ వద్దనే చెప్పండి. అటువంటి డిస్కు మీద ఏదీ రాయనీయకుండా, ముందు చదవగలిగినదంతా బయటకు తీసుకోవాలి.

ఇక బ్యాకప్ డిస్కు సంగతి. ఇప్పుడు మీ శాసన పాఠాలకు మీ చేతిలో ఉన్నది అదొక్కటే. కనుక పునరుద్ధరణ మొదలుపెట్టకముందే మరో డిస్కు కొని, దానిలోకి ఈ 310 జీబీని మొత్తంగా నకలు చేసుకోండి. యూఎస్‌బీ 2 పోర్టులో సెకనుకు 30 ఎంబీ చొప్పున లెక్క వేస్తే మూడు గంటలు పడుతుంది. యూఎస్‌బీ 3 పోర్టు, అంటే సాధారణంగా లోపల నీలం రంగు నాలుక ఉండేది వాడితే, పెద్ద ఫైళ్లు గంటలోపే పోతాయి. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఏ పోర్టయినా నెమ్మదిగానే నడుస్తుంది. కొత్త డిస్కు ఫ్యాట్ 32 పద్ధతిలో ఉంటే దానిని ఎన్‌టీఎఫ్ఎస్‌కు మార్చుకోండి. ఫ్యాట్ 32లో ఒక్కొక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. మీ మేడారం వీడియోలు మినీ డీవీ క్యాసెట్ల నుంచి తీసినవైతే ఒక్కొక్క గంటకు 13 జీబీ వరకు ఉంటాయి కనుక, అవి దానిలో పట్టవు.

సిస్టమ్ ఇమేజ్‌ను కొత్త కంప్యూటరు మీద పునరుద్ధరించవద్దని నా గట్టి సలహా. ఆ ఇమేజ్ పాత బోర్డుకూ, దాని డ్రైవర్లకూ, అది లేచే పద్ధతికీ తగినట్టుగా తీసినది. కొత్త బోర్డుపై అది లేవకపోవచ్చు. లేచినా, కొత్త కంప్యూటరుతో వచ్చిన విండోస్ 11 తుడిచిపెట్టుకుపోయి, విండోస్ 10 వస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

కాబట్టి ఫైళ్లు ఫైల్ హిస్టరీ నుంచి రావాలి. నకలు చేసుకున్నాక, బ్యాకప్ డిస్కును కొత్త కంప్యూటరుకు కలిపి, కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీని తెరవండి. డ్రైవు ఎంచుకునే చోట, ఈ డ్రైవులోని పూర్వపు బ్యాకప్‌ను వాడుకుంటానన్న అర్థంతో ఒక గడి ఉంటుంది. దానిని టిక్కు చేసి పాత కంప్యూటరు పేరును ఎంచుకుంటే, పునరుద్ధరణ కిటికీలో మీ ఫోల్డర్లు తేదీల తోకలు లేకుండా, చివరి రూపంలో కనిపిస్తాయి. బాణం గుర్తులతో వెనక్కి వెళితే పూర్వపు రూపాలు కూడా చూడవచ్చు. అంటే మీరు పదేసి నకళ్లలో ఏది తీసుకోవాలని చేతితో ఏరుకోవలసిన పని లేదు. వాటిని నేరుగా పాత చోటికి పంపకుండా, విడిగా ఒక ఫోల్డరు పెట్టుకొని అందులోకి దింపుకోండి, ఆ తర్వాత తీరికగా సర్దుకోవచ్చు.

ఎప్పుడైనా చేతితోనే తీసుకోవలసి వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. ఫైలు పేరు చివర ఉండే సమయం మన సమయం కాదు, యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. దానికి ఐదున్నర గంటలు కలపాలి. మీరు జూన్ 12 తెల్లవారుజామున ఒంటిగంటకు భద్రపరచిన రూపం అక్కడ జూన్ 11 రాత్రి ఏడున్నర అని కనిపిస్తుంది.


జవాబు
జమ్మికుంట నుంచి ఒక సభ్యుడు

ఇంత శ్రమ ఎందుకు సార్? పోయిన ఏడాది మా దుకాణంలో ఇదే జరిగితే, పాత హార్డ్ డిస్కును తీసి కొత్త బోర్డుకు నేరుగా బిగించాము. రెండుసార్లు రీస్టార్ట్ అయి, డ్రైవర్లన్నీ తనే వేసుకొని, విండోస్ 10 పాత డెస్క్‌టాప్‌తో సహా లేచింది. ఒక్క ఫైలు కూడా కదిలించవలసిన అవసరం రాలేదు. మీ డిస్కు బాగుంటే ముందు ఇది ప్రయత్నించి చూడండి.


జవాబు
కళాశాల కంప్యూటర్ ల్యాబ్ ఉద్యోగి, కాజీపేట

మీరు చెప్పింది నిజమే అన్నా, విండోస్ 10 చాలాసార్లు కొత్త బోర్డు మీద కూడా లేస్తుంది. మా ల్యాబ్‌లో నేనూ చూశాను. అయినా సార్ విషయంలో నేను దానికి ఒప్పుకోలేను. పాత డిస్కు నుంచి విండోస్ లేచిన క్షణం నుంచీ ఆ డిస్కు మీద రాత మొదలవుతుంది. పేజీ ఫైలు, లాగ్‌లు, కొత్త డ్రైవర్లు, ఇండెక్సు, ఇవన్నీ మనకు తెలియకుండానే జరుగుతాయి. ఒగ్గు కథల రికార్డింగులు ప్రపంచంలో ఆ ఒక్క డిస్కులోనే ఉన్నప్పుడు, కరెంటు దెబ్బ తగిలిన ఆ డిస్కును మొదటి రోజే పరీక్షకు పెట్టకూడదు. ముందు అందులోంచి ఫైళ్లు బయటకు రావాలి, రెండు చోట్ల నిలవాలి. ఆ తర్వాత ఎవరైనా ఆ డిస్కుతో ప్రయోగం చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. పైగా ఈ మధ్య వచ్చే బోర్డుల్లో కొన్ని పాత పద్ధతిలో విభజించిన డిస్కు నుంచి లేవనే లేవవు.


జవాబు
డీటీపీ సెంటరు నిర్వాహకుడు, హనుమకొండ చౌరస్తా

సార్, మీ శాసన పాఠాల ఫైలు పాడైపోలేదు. మీరు చూసిన ఆ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గజిబిజి నేను ఇరవై రెండేండ్లుగా రోజూ చూస్తున్నదే. మీరు పేజ్‌మేకరులో అను ఫాంట్లతో టైపు చేసి ఉంటారు.

అను ఫాంట్లు యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర పద్ధతి, కావు. వాటిలో తెలుగు అక్షరం కంప్యూటరుకు తెలుగుగా తెలియదు. మనం యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరికలో ‘క’ కొట్టినప్పుడు ఫైలులో నిలిచేది ఏదో ఒక ఇంగ్లీషు అక్షరపు సంఖ్య మాత్రమే. ఆ సంఖ్య స్థానంలో ‘క’ బొమ్మను చూపించేది ఫాంటు. తలకట్టు వేరు, గుడి వేరు, ఒత్తు వేరుగా ముక్కలను పక్కపక్కన పేర్చి తెలుగు అక్షరంలా కనిపించేలా చేస్తుంది. ఫాంటు లేని కంప్యూటరులో ఆ సంఖ్యలు తమ అసలు ఇంగ్లీషు రూపంలోనే బయటపడతాయి. అదే మీరు చూసింది. ఫాంటు వేసిన మరుక్షణం మీ అక్షరాలు మీకు కనిపిస్తాయి.

అయితే ఫాంట్లు ఉండే చోటు విండోస్ ఫోల్డరులో కనుక, ఫైల్ హిస్టరీ వాటిని ముట్టుకోదు. మీరు కొన్న అను స్క్రిప్ట్ మేనేజరు సీడీ ఉంటే దానితోనే వేసుకోవడం మంచిది, కీబోర్డు కూడా దానితోనే వస్తుంది. ఒక్క జాగ్రత్త, మీరు ఏ సంచికతో టైపు చేశారో అదే సంచిక ఫాంట్లు కావాలి. వేరొక సంచిక ఫాంట్లు వేస్తే కొన్ని ఒత్తులు, కొన్ని సంయుక్తాక్షరాలు మారిపోతాయి. మామూలు పెళ్లి కార్డులోనైతే అది వెంటనే కంటపడుతుంది గాని, శాసన పాఠంలో తప్పేదో మూలంలోని రూపమేదో మీకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది.

పేజ్‌మేకరు గురించి రెండు మాటలు. 2001లో వచ్చిన 7.0 తర్వాత దానికి కొత్త సంచిక లేదు. అది 32 బిట్ ప్రోగ్రామే అయినా 64 బిట్ విండోస్‌లో మా సెంటరులో ఇప్పటికీ నడుస్తోంది. బ్యాకప్‌లోని ప్రోగ్రామ్ ఫోల్డరును తెచ్చి అతికిస్తే మాత్రం నడవదు, మీ దగ్గరున్న అసలు సీడీతో కొత్తగా ఇన్‌స్టాల్ చేయవలసిందే. మీ ఫైళ్లలో శాసనాల ఫొటోలు పెట్టి ఉంటే ఇంకొక చిక్కు వస్తుంది. పేజ్‌మేకరు పెద్ద బొమ్మలను తనలో ఇముడ్చుకోకుండా, అవి ఉన్న దారిని గుర్తుపెట్టుకుంటుంది. డి డ్రైవులో ఫలానా ఫోల్డరులో ఉన్న బొమ్మ అని అది రాసుకొని ఉంటే, కొత్త కంప్యూటరులో డి డ్రైవే లేనప్పుడు ప్రతి బొమ్మకూ ‘ఎక్కడుందో చూపించండి’ అని అడుగుతుంది. అందుకని కొత్త కంప్యూటరులో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సి డ్రైవును కొంత కుదించి, డి డ్రైవును ఏర్పాటు చేసుకోండి. పాత డిస్కులో ఫోల్డర్లు ఏ పేర్లతో, ఏ వరుసలో ఉన్నాయో అచ్చం అలాగే అక్కడ దించుకుంటే బొమ్మలన్నీ వాటంతట అవే దొరుకుతాయి. ఫోల్డర్ల పేర్లు బాగోలేదని సర్దాలనిపించినా ఇప్పుడే సర్దవద్దు.

ఇవన్నీ కుదిరాక, నా మాట వింటే ఆ పాఠాలను యూనికోడ్‌లోకి మార్చించండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలు ఉన్నాయి, మా దగ్గరా ఒకటి వాడుతున్నాము. కానీ మీ వంటి పనికి దానిని గుడ్డిగా నమ్మలేము. అరసున్నలు, బండి ఱలు, మూడేసి హల్లులు కలిసిన సంయుక్తాక్షరాలు వచ్చిన చోట మార్పిడి తప్పుతుంది. వార్తాపత్రిక వాక్యంలో అరసున్న పోతే నష్టం లేదు. శాసన పాఠంలో బండి ఱ మామూలు రగా మారితే, ఆ కాలపు భాష గురించిన ఆధారమే పోతుంది. కాబట్టి మార్చిన ప్రతి పుటనూ అను రూపంలోని పుటతో పక్కపక్కన పెట్టుకొని చదవాలి. ముందుజాగ్రత్తగా, పేజ్‌మేకరు పనిచేసిన మొదటి రోజే ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గా కూడా తీసి పెట్టుకోండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఇమిడి ఉంటుంది కనుక, రేపు అను ఫాంట్లు దొరకకపోయినా పుట రూపం నిలుస్తుంది.


జవాబు
ప్రశ్న వేసిన అధ్యాపకుడు

మీ అందరికీ నమస్కారాలు. నిన్న ఉదయమే వెళ్లి పాత డిస్కు తెచ్చుకున్నాను. పెట్టెను అప్పటికే మూలన పడవేశారు గాని, డిస్కు దానిలోనే ఉంది. ఏ శబ్దమూ లేకుండా తిరుగుతోంది.

అయితే రెండు చిక్కులు వచ్చాయి. డి డ్రైవు తెరుచుకుంది, ఒగ్గు కథల ఫోల్డరు కనిపించింది, కానీ సి డ్రైవులో నా పేరుతో ఉన్న ఫోల్డరును ముట్టుకుంటే అనుమతి లేదంటోంది. ‘కొనసాగించు’ అనే బటను నొక్కవచ్చా? ఇక అను సీడీ ఎంత వెతికినా దొరకలేదు, పెట్టె మాత్రం ఖాళీగా దొరికింది. పాత డిస్కులోని ఫాంట్ల ఫోల్డరులో చూద్దామంటే, కరెంటు ఎక్కువైన రోజున ఏదో దెబ్బతిన్నట్టుంది, ఆ ఫోల్డరు దగ్గర కంప్యూటరు చాలాసేపు ఆగిపోతోంది.


జవాబు
కళాశాల కంప్యూటర్ ల్యాబ్ ఉద్యోగి, కాజీపేట

సార్, ఆ ఫాంట్ల ఫోల్డరును మళ్లీ తెరవకండి. డిస్కులో ఆ భాగం చదవడానికి కష్టపడుతోందంటే, సి డ్రైవును పూర్తిగా వదిలేసి, ముందు డి డ్రైవు మొత్తాన్నీ కాపీ చేయాలి. ఇది ఈ రోజే చేయండి. చేసేటప్పుడు కంప్యూటరు యూపీఎస్ మీద ఉండాలి, పవర్ సెట్టింగులలో నిద్రలోకి వెళ్లకుండా మార్చి ఉంచాలి, అడాప్టరు వైరు కదలకుండా పెట్టాలి. మామూలు కాపీ కన్నా టెరాకాపీ వంటి ప్రోగ్రామ్ వాడితే, ఒక ఫైలు చదవలేకపోయినా దానిని పక్కన పెట్టి మిగతావాటిని కొనసాగిస్తుంది, చివరన ఏవి రాలేదో చెబుతుంది.

అనుమతి అడిగే ఫోల్డరు వెనుక కారణం చిన్నదే. పాత విండోస్‌లోని మీ ఖాతా వేరు, కొత్త విండోస్‌లోని మీ ఖాతా వేరు, పేరు ఒకటే అయినా కంప్యూటరు దృష్టిలో ఇద్దరు వేరు మనుషులు. ‘కొనసాగించు’ నొక్కితే విండోస్ ఆ ఫోల్డరులోని ఫైళ్ల అనుమతులను మార్చి రాస్తుంది. డిస్కు ఆరోగ్యంగా ఉంటే అది నొక్కడంలో తప్పు లేదు. మీ డిస్కు నలతగా ఉంది కనుక ఇప్పుడు వద్దు. అందులోని డాక్యుమెంట్స్ ఎలాగూ ఫైల్ హిస్టరీ నుంచి వస్తాయి.

ఇక అను ఫాంట్ల కోసం నాకొక దారి తోస్తోంది. పునరుద్ధరించవద్దని నేను చెప్పిన ఆ సిస్టమ్ ఇమేజ్ ఇప్పుడు పనికి వస్తుంది. అది 2023 నాటి మీ సి డ్రైవుకు అచ్చమైన ప్రతిబింబం. అంటే ఆనాడు మీరు వాడుతున్న అను ఫాంట్లు, అదే సంచికవి, దానిలో ఉంటాయి. బ్యాకప్ డిస్కులో విండోస్ ఇమేజ్ బ్యాకప్ అనే ఫోల్డరు తెరిస్తే, మీ పాత కంప్యూటరు పేరు, దాని లోపల తేదీతో ఒక ఫోల్డరు, అందులో వీహెచ్‌డీఎక్స్ రకానికి చెందిన పెద్ద ఫైళ్లు కనిపిస్తాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోని యాక్షన్ మెనూలో, ఆ ఫైలును డిస్కుగా జతచేసే అంశం ఉన్నది. అక్కడ ‘చదవడానికి మాత్రమే’ అన్న గడి తప్పకుండా టిక్కు చేసి జతచేయండి. అది మరో డ్రైవులా తెరుచుకుంటుంది. విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ నుంచి అను ఫాంట్లను నకలు చేసుకొని, కొత్త కంప్యూటరులో కుడి క్లిక్కుతో ఇన్‌స్టాల్ చేయండి. పని అయ్యాక దానిని విడదీయండి.


జవాబు
హంటర్ రోడ్డు నుంచి ఒక సభ్యురాలు

సార్, మీ రికార్డింగులు రెండు డిస్కుల్లోకి వచ్చాక, ఆ రెండింటినీ ఒకే బీరువాలో పెట్టకండి. 2023 జూలై వానలకు మా కాలనీలోకి నీళ్లు వచ్చినప్పుడు, మా నాన్నగారు తీసిన పాత ఫొటోలన్నీ ఉన్న కంప్యూటరు, వాటి బ్యాకప్ డిస్కు ఒకే గదిలో, ఒకే బల్ల కింద ఉన్నాయి. రాత్రికి రాత్రి నీళ్లు మోకాళ్లు దాటాయి. మేము మనుషులను, కాగితాలను పైఅంతస్తుకు చేర్చుకున్నాము గాని, తెల్లవారేసరికి రెండూ మునిగిపోయాయి. ఒక నకలును వేరే ఊరిలోనో, కనీసం వేరే వీధిలోనో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. గూగుల్ డ్రైవులో ఉచితంగా దొరికే 15 జీబీ మీ వీడియోలకు చాలదు, కానీ శాసన పాఠాలు, పీడీఎఫ్‌లు మొత్తం దానిలో పడతాయి.

ఇంకొకటి, కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు డిస్కు తనంతట తాను ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారి, ఉండవచ్చు. సెట్టింగులలో చూడండి. అలా అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ ఒకటి ఉంటుంది. దానిని కాగితం మీద రాసి దాచుకోండి. ఈసారి బోర్డు పోతే ఆ కీ లేనిదే డిస్కును తీసి వేరే కంప్యూటరుకు కలిపినా ఏమీ చదవలేరు.


జవాబు
ప్రశ్న వేసిన అధ్యాపకుడు

ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను. కాజీపేట మిత్రుడు చెప్పిన వరుసలోనే అన్నీ చేశాను.

డి డ్రైవులోని 220 జీబీ రెండు డిస్కుల్లోకి వచ్చింది. మేడారం క్యాసెట్లు పదకొండూ వచ్చాయి. ఐనవోలు ఒగ్గు కథల ఆడియో నలభై గంటలకు పైగా ఉంది, గంటకు 600 ఎంబీ దాటే నాణ్యతలో తీసినది. మొదటి ఫైలు తెరిచి, ఒగ్గు చప్పుడుతో మొదలయ్యే మల్లన్న పెళ్లి ఘట్టాన్ని చివరిదాకా విన్నాను. ఆ కథ చెప్పిన పెద్దాయన 2015లో కాలం చేశారు. వారి కొడుకు నంబరు నా దగ్గర ఉంది, ఒక నకలు వారికి ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. హంటర్ రోడ్డు చెల్లెలు చెప్పిన వేరే ఊరు కూడా అదే అవుతుంది.

ఇమేజ్‌ను చదవడానికి మాత్రమే జతచేసి, ఫాంట్లు తీసుకున్నాను. పేజ్‌మేకరులో శాసన పాఠాలు తెరిచినప్పుడు తెలుగు అక్షరాలు యథాతథంగా వచ్చాయి. డి డ్రైవును ఏర్పాటు చేసుకున్నందువల్ల ఫొటోలు కూడా అడగకుండానే దొరికాయి. చౌరస్తా సెంటరు వారు అన్నట్టుగా ముందు అన్నిటినీ పీడీఎఫ్‌లు చేశాను, యూనికోడ్ మార్పిడిని పుటకు పుట సరిచూస్తూ మొదలుపెట్టాను. అను కీబోర్డు మాత్రం ఫాంట్లతో రాలేదు కనుక, కొత్త రాత ఇకపై యూనికోడ్‌లోనే చేస్తాను.

ఒక సందేహం మిగిలింది. రెండు డిస్కుల్లోకి వచ్చిన ఫైళ్లు అక్షరం పొల్లుపోకుండా ఒకటేనని ఎలా తెలుసుకోవాలి? ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం సరిపోయాయి.


జవాబు
కళాశాల కంప్యూటర్ ల్యాబ్ ఉద్యోగి, కాజీపేట

సంఖ్య, పరిమాణం సరిపోవడం మంచి సూచనే గాని సరిపోదు సార్. మధ్యలో కొంత భాగం చెడినా పరిమాణం మారకపోవచ్చు. ప్రతి ఫైలుకూ షా 256 పద్ధతిలో ముద్ర తీయవచ్చు. ఫైలు ఎంత పెద్దదైనా ఆ ముద్ర 64 అక్షరాలు ఉంటుంది, ఫైలులో ఒక్క బిట్టు మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లోని పవర్‌షెల్‌తో ఫోల్డరు మొత్తానికీ ఈ ముద్రల జాబితా తీయవచ్చు. అది కష్టమనిపిస్తే టెరాకాపీలోనే సరిచూసే అంశం ఉంది. ముందు రెండు నకళ్లనూ ఒకదానితో ఒకటి పోల్చండి. తేడా వచ్చిన ఫైళ్లకు మాత్రమే పాత డిస్కును మళ్లీ తిప్పండి. జాబితాను డిస్కులతో పాటే ఉంచితే, ఏటా ఒకసారి మళ్లీ ముద్రలు తీసి పోల్చుకోవచ్చు.


జవాబు
ప్రశ్న వేసిన అధ్యాపకుడు

రాత్రంతా నడిచి ఇప్పుడే ముగిసింది. మూడు ఫైళ్ల ముద్రలు తప్ప అన్నీ సరిపోయాయి. ఆ మూడూ 2012 మేడారం రెండవ రోజువి, గద్దెల దగ్గర తీసినవి. వాటిని పాత డిస్కు నుంచి మళ్లీ తెచ్చి పోల్చాను. ఇప్పుడు అవి కూడా సరిపోయాయి. పాత డిస్కుకు కాగితం చుట్టి, మీద తేదీ రాసి, పైఅంతస్తు అలమారలో పెట్టాను.